రహదారి రక్షణము: ఒకే భటునికి రెండు ధర్మములు



కర్నూలు నుండి నంద్యాల, ఆళ్ళగడ్డల మీదుగా రాణిపేటకు పోవు 40వ నంబరు జాతీయ రహదారి ఈ సీమకు జీవనాడి. పూర్వము దీనికి 18వ నంబరుండెడిది. పంటలు సంతకు చేరుటయు, రోగులు ఆసుపత్రికి పోవుటయు ఈ బాటననే. ప్రాణములు పోవుటయు ఈ బాటననే.

1861 నాటి పోలీసు చట్టము నేరములను అరికట్టుటతోపాటు బహిరంగ మార్గములలో క్రమము నిలుపు భారమును గూడ రక్షకభటులపైననే ఉంచినది. పెద్ద పట్టణములలో రాకపోకల నియంత్రణకు ప్రత్యేక సిబ్బంది ఉండవచ్చును. పల్లె ఠాణాలో మాత్రము దొంగతనముల విచారణ, కోర్టు హాజరు, అహోబిల బ్రహ్మోత్సవముల బందోబస్తు, మహానంది శివరాత్రి జనసమ్మర్దము, రహదారి తనిఖీ, అన్నియు ఆ కొలదిమందికే.

“దొంగలను విడిచి బండ్లను ఆపుచున్నారు” అని కొందరు నిందింతురు. ఇది సగము సత్యము. బండి నాపి పత్రములు చూచునప్పుడే దొంగబండి దొరకును, అనుమానితుడు పట్టుబడును. అట్టి తనిఖీ రెండు ధర్మములను నెరవేర్చును. కాని జరిమానాయే పరమార్థమైనచో ప్రజల విశ్వాసము సడలును. విశ్వాసము సడలినచోట నేరమునకు సాక్ష్యము చెప్పువాడు ముందుకు రాడు. కావున ప్రమాదములు జరుగు తావున, జరుగు వేళ తనిఖీ చేయుటయే వివేకము.

2014 ఏప్రిల్ 23వ తేది రాత్రి, ఎన్నికల ప్రచారము ముగించి నంద్యాల నుండి ఆళ్ళగడ్డకు పోవుచు శోభా నాగిరెడ్డిగారు ఆళ్ళగడ్డ చేరువలో ప్రమాదమునకు గురియై, మరునాడు హైదరాబాదులో కన్నుమూసిరి. రోడ్డుపై పోసిన ధాన్యపురాశిని తప్పింపబోగా కారు బోల్తాపడినదని నాటి పత్రికలు వ్రాసినవి.

బాటకు అడ్డంకి కల్పించినవారికి 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 5,000 రూపాయల వరకు జరిమానా విధించుచున్నది. అయినను కళ్ళము లేని రైతు ధాన్యము నెచ్చట ఆరబోయును? గ్రామమునకు ఉమ్మడి కళ్ళము ఏర్పడినచో రైతుకు జరిమానా తప్పును. బాటసారికి ప్రాణము దక్కును. భటునికి దొంగను వెదకుటకు తీరిక చిక్కును.

క్షతగాత్రుని ఆసుపత్రికి చేర్చుటకు జంకువారు మరియొక మాట తెలియవలయును. సద్బుద్ధితో తోడ్పడినవారికి మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ రక్షణ కల్పించినది.

చట్టము పుస్తకములోనున్నంత మాత్రమున ఫలము లేదు. దానిని చదివి, చదువురానివారికి వినిపించుట గ్రంథాలయ పాఠకుల ధర్మము. ఠాణా బరువులో కొంత ఊరు మోసిననే రహదారియు, ఊరును క్షేమముగా నుండును.