గ్రామ లెక్కల మాటలు



ప్రతి వృత్తికిని తనదైన భాష కలదు. సాలెవానికి పడుగు, పేక, నాడె. వడ్రంగికి బాడిస, చిత్రిక. వీనిని తెలియనివారు తెలియదని ఊరకుందురు. గ్రామ లెక్కల మాటల సంగతి అట్టిది కాదు. అవి రైతు భూమిని గూర్చినవేయైనను రైతునకే పరాయివి. తెలియకున్న నష్టమును అతనిదే.

‘పోరంబోకు’ అను మాటను చూడుడు. బజారులో అది తిట్టు. పనిపాటలు లేక తిరుగువానిని అట్లందురు. ఇది అరవము నుండి వచ్చినది. ‘పుఱము’ అనగా వెలుపల. శిస్తు లెక్కకు వెలుపల నుంచిన నేల అని దాని భావము. చెరువు, వాగు, డొంక, శ్మశానము, పశువుల బయలు ఇవి పోరంబోకులు. ఎవరిదియు కానిది కాదు, అందరిది. తిట్టు మనుష్యునకు తగిలి ఊరకున్న బాగుండెడిది. నేలకును ఆ చులకన అంటుకొన్నది. “పోరంబోకే కదా!” అని ఏటేట గట్టు జరుపువానికి అదియే సమాధానము. ఊరుమ్మడి చెరువుల ఆక్రమణలను తొలగింపవలెనని 2011లో సుప్రీంకోర్టు రాష్ట్రములన్నిటిని ఆదేశించవలసి వచ్చినది.

చిల్లకల్లు నుండి హైదరాబాదు దారిని కోదాడ చేరినచో మాటలే మారిపోవును. 1948 వరకు ఆ ప్రక్క నిజాము రాజ్యము. ఇక్కడ కరణము, అక్కడ పట్వారీ. ఇక్కడ అడంగలు, అక్కడ పహాణీ. ఇక్కడ మెట్ట, మాగాణి, అక్కడ ఖుష్కీ, తరీ. ఎకరము రెండు చోట్లను 4,840 చదరపు గజములే. కాని మనము దానిని 100 సెంట్లుగా విభజింతుము, వారు 40 గుంటలుగా. వియ్యమందినవారు పది గుంటలనగా పది సెంట్లని తలచినవాడు పదునైదు సెంట్లు పోగొట్టుకొనును.

ఫసలీ మరియొక చిక్కు. 1434 ఫసలీ అని చూచి చదువుకొన్నవారు సైతము అది ఏ రాయల కాలపు కాగితమో యని విస్తుపోదురు. 590 కలిపినచో 2024 జులై నుండి సాగిన సంవత్సరమే అది. ఫసలీ అనగా పంటకు సంబంధించినదని అర్థము. అంతకంటె రైతునకు దగ్గరి మాట వేరొకటి లేదు.

ఈ మాటలకు నిఘంటువులు లేకపోలేదు. బ్రౌను దొర 1852లో కచేరీ వ్యవహార పదములకు జిల్లా నిఘంటువును ప్రకటించెను. 1855లో విల్సన్ పండితుడు రెవిన్యూ పదముల పెద్దకోశమును లండనులో వెలువరించెను. అవి దొరలకై కూర్చినవి. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదముల కోశమును వెలువరించిరి. అందలి మాటలు పల్లెలకు పోయి రైతుల నోట విని కూర్చినవి. నాగలి మాట బయటివారికి తెలిసినది, కచేరీ మాట రైతునకు తెలియలేదు.

కరణములు ఈ అజ్ఞానమును వాడుకొనిరను అపవాదు ఉత్తది కాదు. అర్థము చెప్పిన అధికారము తగ్గునని వెరచినవారు ఉండిరి. 1984లో ఆ పదవులే రద్దయినవి. నేడు అడంగలు కంప్యూటరు తెరపై కనబడును. మాటలు మాత్రము పాతవే. పట్టా వేరు, డి.పట్టా వేరు. రెండవది ప్రభుత్వము నిరుపేదకిచ్చినది. 1977 శాసనము దాని అమ్మకమును నిషేధించినది. 2023లో, ఇచ్చి 20 ఏండ్లు దాటిన భూములకు కొంత సడలింపు వచ్చినది. ఆ ఒక్క అక్షరమును గమనింపక కూతురి పెండ్లికి దాచిన సొమ్ము పోసి కొన్నవారికి సొమ్మును దక్కలేదు, భూమియు దక్కలేదు.

పాత విక్రయ దస్తావేజులలో ఎనిమిది మాటలను ఒక్క ఊపిరిలో చదువుదురు: నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యములు. వినువారికి అది పురోహితుని మంత్రము. లెక్క తెలిసినవారికి ఎనిమిది హక్కులు, అష్టభోగములు. జలమనగా ఆ నేలలోని నీరు, పాషాణమనగా రాయి. సున్నపురాతి నేలలున్న మన సీమలో ఇది చిన్న మాట కాదు. ఆగామి ఇకముందు రాబోవు లాభము. సిద్ధము ఇప్పటికే సాగైనది. సాధ్యము సాగు చేసికొనదగినది. వ్రేలిముద్ర వేసి ఇంటికి పోయిన రైతు, ఇంకను దున్నని నేల మీది హక్కును సైతము ఆ పూటనే అమ్మివైచెను.