ఫాల్గుణంలో లెక్కల మాస్టారు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పదవ తరగతి పరీక్షల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను ఉపాధ్యాయుణ్ణి కాను. పల్నాటి ప్రాంతంలో జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నామినల్ రోల్సు రాయడం, ఫీజు చలానా కట్టించడం, హాల్ టిక్కెట్లు పంచడం, ఫలితాలు వచ్చాక సబ్జెక్టులవారీగా శాతాల పట్టిక తయారుచేయడం నా పని. ఆ పట్టికలో ఒక్క గడి గురించే ఈరోజు మనవి చేస్తాను. అది లెక్కల గడి.

శివరాత్రితో చలి వెళ్ళిపోతుంది. మామిడి పూత పిందె కడుతుంది. పెళ్ళి ముహూర్తాలు, వెనుకనే ఉగాది. లోకానికంతటికీ ఇది వసంతకాలం. లెక్కల మాస్టారికి మాత్రం ఇంట్లో పెళ్ళి ఉన్నా సెలవు పెట్టడానికి ప్రాణం ఒప్పని కాలం. సంక్రాంతి వెళ్ళగానే ఉదయం ఒక ప్రత్యేక తరగతి, సాయంత్రం ఒకటి. స్లిప్ టెస్టులు, ఆపైన ప్రీ ఫైనలు. దిద్దవలసిన పేపర్ల కట్ట సంచిలో ఇంటికి వెళ్ళి, తెల్లవారి మళ్ళీ బడికి వచ్చేది.

ఇంత ఒత్తిడి ఎందుకంటే, హిందీలో 20 మార్కులు వస్తే పాసు. లెక్కల్లో 35 రావలసిందే. నేను రాసిన పట్టికల్లో చాలా ఏళ్ళు అన్నిటికంటే తక్కువ శాతం ఆ గడిలోనే ఉండేది. తరగతిలో 40 మంది ఉన్నారనుకోండి. మిగతా అన్నిటిలో అందరూ పాసై, లెక్కల్లో ఆరుగురు తప్పితే బడి శాతం 85కు దిగుతుంది. సంజాయిషీ కాగితం ఎవరి పేరున వస్తుందో మనలో ఆఫీసుల్లో పనిచేసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఈ శాతంలో ఒక చిక్కు ఉంది. డిసెంబరులో 33 వచ్చిన పిల్లవాడికి మార్చిలో 36 వస్తే పట్టికలో అది విజయం. డిసెంబరులో 6 వచ్చిన పిల్లకు మార్చిలో 32 వస్తే అది సున్నా. నిజానికి మాస్టారి కష్టమంతా ఆ రెండవ పిల్ల దగ్గరే ఉంది. శాతం కోసమే పనిచేసేవారు 30కి, 40కి మధ్య ఉన్న పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుని, చివరి బెంచీని వదిలేస్తారు. అది వారి దుర్బుద్ధి అనను. మనం అడిగే లెక్కే అటువంటిది.

నేను కలిసి పనిచేసిన ఒక లెక్కల మాస్టారు తన సొంత నోటుబుక్కులో వేరే పట్టిక వేసుకునేవారు. ప్రతి పేరుకు ఎదురుగా డిసెంబరు మార్కు ఒక గడిలో, ఫిబ్రవరి మార్కు ఇంకొక గడిలో, రెంటికీ తేడా మూడవ గడిలో. ఆ మూడవ గడి చూపించే ఆయన పిల్లల్ని మెచ్చుకునేవారు. "నువ్వు 6 నుంచి 19కి వచ్చావమ్మా, తరగతిలో ఇంత ఎక్కినవాళ్ళు లేరు" అంటే ఆ పిల్ల మొహం చూడాలి!

ఇంకొక మాట కూడా ఆయన రోజూ చెప్పేవారు. జవాబు చివరిదాకా రాకపోయినా చేసినంతవరకు అడుగడుక్కీ మార్కు ఉంటుంది, తెల్లకాగితానికి మాత్రం ఉండదు అని. సూత్రం రాయించేవారు, బొమ్మ గీయించేవారు, గ్రాఫు కాగితం మీద అక్షాలు గీసి స్కేలు రాయించేవారు. భయపడే పిల్లకు మొదటి పంక్తి రాయగలగడమే సగం పరీక్ష.

మా వైపు ఫిబ్రవరి, మార్చి నెలలు మిరప కోతల కాలం. బెంచీలు ఖాళీ అయ్యేవి. మాస్టారు చేలోకే వెళ్ళి అడిగితే, "అయ్యా, కూలి ఇప్పుడే గదా దొరికేది, సదువు యాడికి పోద్ది?" అన్నాడు ఒక తండ్రి. ఆయన కోప్పడలేదు. పగలు కోతకు పంపినా సాయంత్రం బడికి పంపమని బతిమాలి ఒప్పించారు. కారం మంట పెట్టే చేతులతో ఆ పిల్లలు లైటు కింద కూర్చుని లెక్కలు చేయడం నేను ఆఫీసు గదిలోంచి చూశాను.

కరోనా వలన 2020, 2021 సంవత్సరాల్లో మన రాష్ట్రంలో పదవ తరగతి పరీక్షలు జరగలేదు. 2022లో జరిగినప్పుడు పాసైనవారు 67.26 శాతం. భిన్నాలు, రుణ సంఖ్యలు నేర్వవలసిన వయసులో బడి మూతపడితే, పదిలో త్రికోణమితి ఎలా ఎక్కుతుంది? కింద ఏళ్ళలో పడిన బాకీ అంతా చివరి సంవత్సరం మాస్టారి పేరున వసూలుకు వస్తుంది. అసలు ఆయన చేస్తున్నది మూడు నెలల్లో నాలుగేళ్ళ పాఠం.

మిత్రులారా, మనం పిల్లలకు లెక్కలు చెప్పలేకపోవచ్చు. చేయగలిగినవి మాత్రం మూడున్నాయి.

మొదటిది, సాయంత్రం తరగతి జరిగే బడిలో వారానికి రెండు రోజులు, గంటసేపు వెళ్ళి కూర్చోవడం. పెద్దమనిషి ఒకరు వరండాలో ఉంటే మాస్టారు అల్లరి అదుపు చేసే పని మాని లెక్క మీదే ఉండగలరు. చీకటిపడ్డాక ఆడపిల్లల్ని ఇంటికి చేర్చడానికి తోడూ దొరుకుతుంది. తలా కాస్త వేసుకుని పిల్లలకు గుగ్గిళ్ళు పెట్టిస్తే ఇంకా మంచిది.

రెండవది, మన మనవల్ని, మనవరాళ్ళను "ఎన్నొచ్చాయి?" అని అడగడం మాని, "పోయినసారి కంటే ఎంత పెరిగింది?" అని అడగడం.

మూడవది మన విద్యకే సంబంధించినది. ఫలితాలు వచ్చాక తప్పిన పిల్ల ఇంట్లో తలుపు వేసుకుని ఏడుస్తూ ఉంటుంది. తల్లిదండ్రులకు దిక్కు తోచదు. సప్లిమెంటరీ ఫీజుకు గడువు మాత్రం ఆగదు, రీకౌంటింగు దరఖాస్తుకూ ఆగదు. దరఖాస్తు నింపడం, గడువు చూడడం, చలానా కట్టించడం, ఇవి మనం ముప్ఫై ఏళ్ళు చేసిన పనులే కదా! ఇప్పుడు కంప్యూటరులో నింపుతున్నా తేదీ తేదీయే. ఫలితాల మర్నాడే ఆ ఇంటికి వెళ్ళి, "ఏం ఫరవాలేదమ్మా, ఇదిగో ఫారం, వచ్చే నెలలోనే మళ్ళీ రాద్దువు" అని ఒక పెద్దాయన అంటే ఆ ఇంటికి కొండంత ధైర్యం. ఒక్కొక్కసారి ఆ ధైర్యమే ఒక ప్రాణాన్ని నిలుపుతుంది.

ఈ పనులకు ప్రతి బడికి ఇద్దరు సభ్యులను ఈ సమావేశంలోనే నియమించవలసిందిగా కార్యవర్గాన్ని ప్రార్థిస్తున్నాను. మొదటి పేరు నాది రాసుకోండి. మోకాళ్ళ నొప్పులున్నా కుర్చీలో కూర్చోగలను.