పేరు నిలబెట్టే బాధ్యత ఎవరిది?
(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బీకాం చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కంప్యూటరు చదువు నాది కాదు. అయినా ఈ విషయం ఎత్తుకోవడానికి కారణముంది. రెండేళ్ల కిందట, స్కాలర్‌షిప్పు దరఖాస్తుల గడువు మూడు రోజులుందనగా మన ట్రస్టు వెబ్‌సైటు తెరుచుకోలేదు. డొమైన్ పేరు రెన్యువల్ కాలేదు. గుర్తుచేసే ఈమెయిళ్లు ట్రస్టు పని ఎప్పుడో మానుకున్న ఒకరికి పోతున్నాయి. ఆ అడ్రసు మార్పించే పని నాకే అప్పగించారు. నేను రేపు మాపు అంటూ మరిచాను. గడువు వారం పొడిగించాం. కానీ పల్లె నుంచి బస్సెక్కి నెట్ సెంటరుకు వచ్చి, ఉత్త చేతులతో తిరిగిపోయిన ఒక అమ్మాయికి ఆ కబురు అందలేదు. ఆ ఏడాది సాయమూ అందలేదు.

డొమైన్ పేర్ల వ్యవస్థను 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించారు. మనం టైపు చేసిన పేరుకు కంప్యూటరు నంబరు వెతికి ఇస్తుంది. మా లెడ్జరు ఇండెక్సు లాంటిదే. ఇండెక్సు పోతే ఖాతాలో డబ్బున్నా పేజీ దొరకదు.

ఇది ఒక్కరి చేతిలో లేదు. పైన ఉన్న 13 రూట్ సర్వర్లను 12 సంస్థలు నడుపుతాయి. సమన్వయం ఐకాన్‌ది. మన డాట్ ఇన్ పేర్ల రిజిస్ట్రీ నిక్సీది. ఆ కింద పేర్లమ్మే రిజిస్ట్రార్లు, చివరన కొనుక్కున్న మనం.

2016 అక్టోబరు 21న అమెరికాలో డైన్ అనే కంపెనీ డొమైన్ సర్వర్ల మీద దాడి జరిగింది. ట్విట్టర్ వంటి సైట్లు గంటల తరబడి ఎందరికో అందలేదు. దాడికి వాడుకున్నవి కెమెరాలు, వీడియో రికార్డర్లు. ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చకుండా వదిలేసినవి. మొదటి తప్పు దాడి చేసినవారిదే. ఆ పాస్‌వర్డులతో అమ్మినవారికీ, ఒక్క కంపెనీనే నమ్ముకున్న సైట్లకూ అందులో వాటా లేదా?

బ్యాంకు స్ట్రాంగ్‌రూముకు రెండు తాళాలు, ఇద్దరి దగ్గర. అలాగని బాధ్యత చెరిసగం కాదు. ఇద్దరూ రిజిస్టరులో సంతకం చేస్తారు. పేరు రాయని బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది. ఇప్పుడు మన రెన్యువల్ తేదీ పక్కన రెండు పేర్లున్నాయి. అందులో ఒకటి నాది.

తల్లిదండ్రులారా, ఇంట్లో కెమెరా, వైఫై పాస్‌వర్డులు ఈ రాత్రే మార్చండి. పిల్లలూ, రేపు మీరు ఏ ఉద్యోగంలో చేరినా, ఈ పని ఆగితే లేచి చూసేది ఎవరని మొదటి రోజే అడగండి. జవాబు రాకపోతే మీ పేరు రాయండి.