పాటగాడి జమాఖర్చులు



రిటైరైన బ్యాంకు గుమాస్తా మైకు పట్టుకుంటే పొదుపు గురించి చెబుతాడని మీరు అనుకుని ఉంటారు. నేను ఒక ఫ్రెంచి పాటగాడి గురించి చెబుతాను. యానాం నుంచి వచ్చినవారికి ఫ్రెంచి కొత్త కాదు, 1954 దాకా అక్కడ వారి పాలనే. మిగతావారు పేరు దగ్గర కాస్త ఓపిక పట్టండి. మిషెల్ పోల్నరెఫ్.

1944లో నెరాక్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి ఒడెస్సా నుంచి వలస వచ్చిన సంగీతకారుడు, ఎడిత్ పియాఫ్ అంతటి గాయనికి పాటలు కట్టినవాడు. తల్లి నర్తకి. ఐదో ఏటనే పిల్లవాణ్ణి పియానో ముందు కూర్చోబెట్టారు. సాధన దగ్గర తండ్రి మహా కఠినంగా ఉండేవాడని ఆయనే తరువాత చెప్పుకున్నాడు. విద్య అబ్బింది కానీ ఇంట్లో నిలవలేదు. మిలిటరీ సర్వీసు అయ్యాక కొన్నాళ్ళు ఇన్సూరెన్సు ఉద్యోగం చేశాడు (మన పక్క వీధివాడే అన్నమాట!). 1964లో అదీ వదిలి, పారిస్‌లో సాక్రె కేర్ చర్చి మెట్ల మీద గిటారుతో పాడడం మొదలుపెట్టాడు.

1966లో మొదటి రికార్డు వచ్చింది, కాదు కాదు అనే ఒక బొమ్మ గురించిన పాట. లండన్‌లో రికార్డు చేశారు. గిటారు వాయించినవాడు జిమ్మీ పేజ్, తరువాత లెడ్ జెపెలిన్‌తో ప్రపంచమంతా పేరు పొందినవాడు.

ఆ రోజుల్లో సైకెడెలిక్ అనే ఒరవడి నడుస్తోంది. కలలో విన్నట్టుండే వింత ధ్వనులు, ఎంతకీ తెగని స్వరాలు. ఈయన దానికి చిన్ననాటి శాస్త్రీయ శిక్షణ జోడించాడు. 1968లో వచ్చిన 'లె బాల్ దె లాజ్' వినండి. ఉరికంబం ఎక్కబోయే ప్రేమికుడి కథ, వెనుక చర్చిలో లాగా ఆర్గాన్ మోత. ఇంత విషాదం రేడియోలో చెల్లదని జంకి, రికార్డుకు రెండోవైపున్న సరదా పాటను ముందుకు తెచ్చారు. ఇవాళ ఆయన గొప్ప పాటల్లో దాన్నే ముందు చెబుతారు. 1971లో 'పోల్నరెఫ్స్' ఆల్బమ్‌లో పెద్ద ఆర్కెస్ట్రానే దింపాడు.

ఇక నా కౌంటరు దగ్గరికి వస్తాను. 1970లో వేదిక మీదే ఆయనపై దాడి జరిగింది. ఆదుకున్న మిత్రుడు లూసియెన్ మోరిస్ అదే ఏడు దుర్మరణం పాలయ్యాడు. మనసు చెదిరి చికిత్స తీసుకున్నాడు. 1972లో కచేరీ పోస్టరు అసభ్యంగా ఉందని కోర్టు జరిమానా వేసింది. పోస్టరుకు 10 ఫ్రాంకులు, 6000 పోస్టర్లు. 60,000 అయింది చూడండి. అదైనా కంటికి కనిపించే లెక్క. 1973లో బయటపడింది వేరు. డబ్బు వ్యవహారాలు చూడమని నమ్మి అప్పగించిన మనిషి డబ్బుతో సహా మాయమయ్యాడు. కట్టని పన్ను బాకీ పది లక్షల ఫ్రాంకులు పాటగాడి పేర మిగిలింది. సంపాదన ఎవరి చేతికి పోయినా పన్ను నోటీసు మాత్రం పేరున్నవాడికే వస్తుంది. ఓడెక్కి అమెరికా వెళ్ళిపోయాడు. ఆ ఓడ పేరు కూడా 'ఫ్రాన్స్'!

1975లో బ్రస్సెల్స్‌లో పాడాడు. సొంత దేశం సరిహద్దు దాకా వచ్చి అవతలే ఆగిపోయాడు. 1977లో 'లెత్ర్ ఆ ఫ్రాన్స్' వచ్చింది. దేశానికి రాసిన ఉత్తరం అది.

మా బ్రాంచిలో ఖాళీ విత్‌డ్రాయల్ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇంకొకరి చేతికిచ్చినవారిని ఎందరినో చూశాను. చదువు రానివారనుకోకండి. లెక్చరర్లు, డాక్టర్లు. "మావాడే కదండీ" అనేవారు. ఒక సంగీతం మాస్టారు మూడేళ్ళకు పాస్‌బుక్కు తెచ్చి ఎంట్రీలు వేయమన్నారు. కూతురి పెళ్ళికని దాచిన సొమ్ము. చివరి నిల్వ రాశాక, తలెత్తి ఆయన ముఖం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఈ ఉపకారవేతనం పిల్లల పేరునే జమ అవుతుంది. అమ్మలూ నాన్నలూ, ఆ పాస్‌బుక్కు మీ బీరువాలో పెట్టుకోకండి. ఎంట్రీలు వాళ్ళనే వేయించుకోనివ్వండి.

పోల్నరెఫ్ 2007 మార్చిలో పారిస్‌లో మళ్ళీ వేదిక ఎక్కాడు. ఆ జూలై 14న ఈఫిల్ టవరు దగ్గర ఉచిత కచేరీకి లక్షల మంది వచ్చారు. 2018లో, 74వ ఏట, కొత్త ఆల్బమ్ ఇచ్చాడు.

పాస్‌బుక్కులు తెచ్చుకున్న పిల్లలు భోజనాలయ్యాక నా దగ్గరికి రండి. ఏ వరుసలో ఏముందో చూపిస్తాను. సెలవు.