చక్రాల మీద ఇల్లు



కిందటి నెల మావారూ, మా అబ్బాయీ కలిసి ఓ పాత డెలివరీ వ్యాను కొని తెచ్చి పెరట్లో నిలబెట్టారు. ఇదేమిట్రా అంటే, "అమ్మా, ఇది మన రెండో ఇల్లు. లోపల నా బులెట్ ఎక్కిస్తాం. పక్కన పడకకి బల్లలు కొట్టిస్తాం. కార్తీకమాసంలో పంచారామాలు తిరిగొద్దాం. పెద్ద రోడ్డు మీద వ్యాను, సందుల్లోకి బులెట్" అన్నాడు.

మా పాలకొల్లు క్షీరారామంలో దణ్ణం పెట్టుకుని బయల్దేరితే భీమవరంలో సోమారామం, గోదావరి దాటాక ద్రాక్షారామం, సామర్లకోటలో కుమారారామం, చివరికి కృష్ణ ఒడ్డున అమరావతి. ఆలోచన నాకూ నచ్చింది.

నిజానికి మనకిది కొత్తదేం కాదు. వడ్లు మోసిన ఎడ్లబండికే గూడు కట్టి, గడ్డి పరిచి, దానిమీద జంపఖానా వేసుకుని మన అమ్మమ్మలు తీర్థాలకి వెళ్ళారు. మా కాలవలో సరుకు పడవలు తిరిగిన రోజుల్లో పడవవాళ్ళ వంటా, నిద్రా ఆ సరుకు మధ్యనే. జర్మనీలో 1950లో వచ్చిన ఫోక్స్‌వాగన్ వ్యానులో, మరుసటేడు నుంచే వెస్ట్‌ఫాలియా అనే కంపెనీ పడకలూ, అల్మారాలూ అమర్చడం మొదలుపెట్టింది. అమెరికాలో మోటారుసైకిలుతో సహా సంసారం మోసే బండిని 'టాయ్ హాలర్' అంటారుట. అంటే ఆటబొమ్మలు మోసే బండి! మగవాళ్ళ సంగతి అక్కడివాళ్ళకీ తెలుసన్నమాట.

సరే, ఓ రాత్రి మావాడు, వాడి స్నేహితుడు పరీక్షకని అందులోనే పడుకున్నారు. నాకు నిద్ర పట్టక లేచి వెళ్ళి తలుపు తీద్దును కదా, గుప్పుమని పెట్రోలు వాసన. మూల బులెట్ నిలబెట్టి వుంది. తలుపులన్నీ బిగించారు. వాళ్ళ తలల దగ్గర దోమలబత్తి ఎర్రగా వెలుగుతోంది! ఇద్దర్నీ లేపి బయటికి లాక్కొచ్చేదాకా నాకు ఊపిరాడలేదు.

అమ్మలూ, మన వంటింటి గ్యాసూ, పెట్రోలు ఆవిరీ రెండూ గాలికన్నా బరువైనవి. నేలబారునే పరుచుకుంటాయి. అందుకని పైన కిటికీ ఒక్కటీ వుంటే చాలదు, నేల మట్టాన కూడా గాలి పోయే దారులుండాలి. మూసిన బండిలో కుంపటి గాని, స్టౌ గాని వెలిగిస్తే పుట్టే కార్బన్ మోనాక్సైడుకి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అందుకే మా ఇంట్లో ఇప్పుడో నియమం పెట్టాను. బస చేయగానే బులెట్ బయటికి దిగాలి. వంట చెట్టు కింద. బండిలో దోమతెరే గాని దోమలబత్తి లేదు.

ఇక సర్దుడు. బులెట్ బరువు సుమారు 190 కిలోలు. దాన్ని ఎక్కించడానికి పొడుగాటి, గట్టి బల్ల కావాలి. పొట్టి బల్లయితే నిటారుగా వుండి బండి వెనక్కి జారుతుంది. స్టాండు మీద వదిలేయకుండా ముందు చక్రం కదలకుండా ఆపి, నాలుగు మూలలా బెల్టులు బిగించాలి. కొబ్బరితాడు నమ్మకండి, దారిలో సాగి వదులైపోతుంది. బరువులన్నీ అడుగున పెట్టాలి. ఎడమా కుడీ కావిడిలా సమానంగా తూగాలి. 20 లీటర్ల నీళ్ళడబ్బా అంటే 20 కిలోలని మర్చిపోకండి. గోడకి మడిచే బల్లమంచమైతే బులెట్ దిగాక దించుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, ముందు రవాణా ఆఫీసు, తరవాతే వడ్రంగి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను కాగితాల్లో వున్న రూపాన్ని మన ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. సరుకుల బండి వెనక మనుషుల్ని ఎక్కించుకు తిరగడం తప్పు. నివాసానికి వీలుగా కట్టే బళ్ళకి 'మోటార్ కారవాన్' అని వేరే తరగతి వుంది. ఇన్సూరెన్సువాళ్ళకి చెప్పకుండా మారిస్తే, ప్రమాదం జరిగిననాడు పరిహారం దగ్గర పేచీ వస్తుంది.

ఇవన్నీ విని మావారు "నీకెందుకే ఈ మోటారు గొడవలు?" అన్నారు. నాకు మోటారు సంగతి తెలియదు నిజమే. కాని నిప్పు ఎక్కడుండాలో, పిల్లలు ఎక్కడ పడుకోవాలో, రాత్రి ఆడవాళ్ళు దిగడానికి ఏ చోటు మంచిదో తెలుసు. చక్రాలున్నా ఇల్లు ఇల్లే కదండీ! దాన్ని కట్టేటప్పుడు ఇల్లాలిని అడగాలి. అడక్కపోతే మనమే చెప్పాలి.

మా వ్యాను ఇంకా పెరట్లోనే వుంది. బల్లలు కోయించలేదు. అబ్బాయి కాగితాలు పట్టుకుని తిరుగుతున్నాడు. ఈ కార్తీకానికి కుదరకపోతే బస్సులో వెళ్ళొస్తాం. పంచారామాలు ఎక్కడికీ పోవు, మనం క్షేమంగా వుంటే చాలు.