చేతికందే తాడు

ఏటా వర్షాకాలంలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పందేలు జరుగుతాయి. అందులో లేజర్ అనే చిన్న పడవ ఉంటుంది. 2019 నుంచి దాన్నే ఇల్కా అంటున్నారు. పొడవు 4.23 మీటర్లు. నడిపేది ఒక్కరే. ఒక చేతిలో చుక్కాని కర్ర, మరో చేతిలో తెరచాప తాడు.

గాలి పెరిగితే తెరచాపను బిగించి చదును చెయ్యాలి. ఆ బిగింపు తాళ్లు స్తంభం దగ్గరే ఉంటే ముందుకు పాకాలి. కానీ గాలి వచ్చే వైపు అంచున వెనక్కి వాలి కూర్చున్న మనిషి బరువే పడవ ఒరగకుండా ఆపుతోంది! అందుకే ఆ తాళ్లను స్తంభం మొదట్లోని కప్పీల మీదుగా మళ్లించి, కూర్చున్నచోటికే తెస్తారు.

ఇందులో చిక్కు రాపిడి. ఒక్కో కప్పీ దగ్గర పదో వంతు బలం పోతుందనుకోండి. 100 న్యూటన్లతో లాగితే మూడు కప్పీలు దాటేసరికి మిగిలేది సుమారు 73. మన నూతి గిలకలాగే స్థిర కప్పీ దిశ మారుస్తుంది, బలం పెంచదు. కదిలే కప్పీలు పెంచుతాయి; అయితే ఆరు రెట్ల బలానికి ఆరు రెట్ల పొడవు తాడు లాగాలి.

లాగడం కంటే వదలడమే ముఖ్యమని నా అభిప్రాయం. రాపిడి ఎక్కువైతే వదిలిన తాడు వెంటనే జారదు. ఆ ఒకటి రెండు క్షణాల్లోనే పడవ బోల్తా పడవచ్చు.