ఏనుగు ఇంకా నీటిలోనే ఉన్నది

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలైనది 2016 అక్టోబరులో. ఆ మరుసటి ఏడు, కార్తికమాసములో ఒకనాడు, మా మేనకోడలి బదిలీ పత్రము కొరకు జనగామలోని ఒక కళాశాలకు పోయినాను. ప్రిన్సిపాలు నా బాల్యమిత్రుడు. పత్రము మీద సంతకము చేయుచు తల యెత్తి, “నీవు తెలుగు ఎం.ఏ. కదా?” అన్నాడు. ఔనన్నాను. ముప్పది ఏండ్లు బ్యాంకులో అంకెలు కూడినవానికి ఆ పట్టము పెట్టె అడుగున మడిచిన పట్టుపంచె వంటిది. ఉన్నదని తెలియును గాని కట్టిన జ్ఞాపకము లేదు. పావుగంటలో హాజరుపట్టీ, సుద్దముక్క నా చేతిలో ఉన్నవి.

అక్కడ తెలుగు చెప్పు అధ్యాపకురాలు మహబూబాబాదు నుండి, అనగా మన పాత మానుకోట నుండి, కాజీపేట మీదుగా రైలులో వచ్చి పోయెడివారు. జబ్బుపడి సెలవు పెట్టినారు. ఆమె స్థానమున ఇద్దరు యువకులు ఒకరి తరువాత ఒకరు వచ్చి వెళ్లినారట. పీరియడు లెక్కన కూలి పుచ్చుకొనువాడు నెలజీతము దొరికిన చోటికి పోక ఏమి చేయును? వారిని నేను తప్పు పట్టను. కాని పిల్లల నోటుపుస్తకములు చూచితిని. పాఠములన్నియు మొదళ్లే, తుద యొక్కటియు లేదు.

తరగతిలో నన్ను అడిగిన తొలి ప్రశ్న పాఠమును గూర్చి కాదు. ముందు వరుసలోని అమ్మాయి లేచి, “సార్, మీరు గూడ పోతరా?” అన్నది. తండ్రి భూపాలపల్లి బొగ్గుగనిలో పని చేయుచుండగా, తాను ఇక్కడి హాస్టలులో ఉండి చదువుకొనుచున్నది. అబద్ధము చెప్పుటకు నోరు రాలేదు. “పదకొండు దినములు ఉందును” అంటిని. ఆమె ఆ అంకెను నోటుపుస్తకము మూల వ్రాసికొన్నది.

పాఠము పోతన గజేంద్రమోక్షము. పాండిత్యము చూపవలెనన్న ఆత్రముతో, పోతన జన్మస్థానమును గూర్చి కడప జిల్లా ఒంటిమిట్ట వాదమును ఎత్తుకొంటిని. వెనుక బల్ల నుండి ఒక కుర్రవాడు, “మా బస్సు రోజు బమ్మెర మీదికెల్లే వస్తది సార్” అన్నాడు. అందరు నవ్వినారు, నేనును నవ్వితిని. బమ్మెర, పాలకుర్తి మండలములోనిది. సోమనాథుని పాలకుర్తియు అక్కడికి దాపుననే యున్నది. ఇంటి ముంగిట కవిని ఉంచుకొన్నవారికి నేను పొరుగూరి వాదము వినిపించుచుంటిని!

నాటి నుండి తరగతి కుదుటబడినది. ఒకనాడు ఐతిహ్యము చెప్పితిని: వైకుంఠమును వర్ణించు పద్యము నడుమ గంటము సాగక పోతన లేచి పోగా, రాముడే పోతన రూపమున వచ్చి పూరించెనట. భాగవతములోనే అయిదవ స్కంధము గంగనది, ఆరవది ఏర్చూరి సింగనది, చివరి రెండును వెలిగందల నారయవి. నన్నయ విడిచిన అరణ్యపర్వమును పూరించిన ఎఱ్ఱన తన పనిని రాజరాజనరేంద్రునికే అంకితము చేసినాడు. ఒకరి పనిని మరియొకరు పూరించుట మన సాహిత్యములో చిన్నతనము కాదని నాకును కొంత ధైర్యము కలిగినది.

ఇక తొందర. పదకొండు దినములలో ముగింపవలెనన్నచో పద్యములను రైలుబండివలె పరుగెత్తింపవలెను. ఒక దినము అట్లే చేసితిని. పిల్లలు వ్రాసికొన్నారే గాని ఒక్కరును తల యెత్తలేదు. మరునాడు వెనుకకు వచ్చి, ఆ పద్యములనే మరల చదివితిని. దానితో పదకొండవ నాటికి ఏనుగు కాలు మొసలి నోటనే మిగిలినది.

గంట మ్రోగినది. భూపాలపల్లి అమ్మాయి, “ఏనుగును నీళ్లలనే విడిచిపోతరా సార్?” అన్నది. నాకు సమాధానము తోచలేదు.

ఆ మరునాడు అధ్యాపకురాలు కోలుకొని వచ్చినారు. పిలువకయే పోయి, ఎక్కడి దాక చెప్పితినో, ఏ పద్యము వద్ద ఎవరు తడబడిరో ఒక కాగితము మీద వ్రాసి యిచ్చితిని. “అమ్మా, ఏనుగు ఇంకా నీటిలోనే ఉన్నది” అంటిని.

ఆమె కాగితము చూచి నవ్వి, “శనివారము లోపల ఒడ్డెక్కిస్తాను లెండి” అన్నారు.